డెబ్బై అయిదో ఏట కార్మికుడి ఆరోగ్య రక్ష

1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో వేలాది కార్మికుల జయజయధ్వానాల నడుమ ప్రధాని నెహ్రూ ప్రారంభించిన కార్మికుల ఆరోగ్య బీమా, ఈఎస్ఐ పథకం, డెబ్బై అయిదో ఏట అడుగుపెట్టింది. కాన్పూరు, ఢిల్లీలలో 1.20 లక్షల మందితో మొదలై, నేడు మూడు కోట్లకు పైగా శ్రామికులకు గొడుగు పట్టిన ఈ మహత్తర వ్యవస్థకు ఓరుగల్లు కార్మికుల తరఫున, వారి మేలు కోరే మా అందరి తరఫున శుభాభినందనలు!

1944లో ఆరోగ్య బీమాపై అదార్కర్ నివేదికగా ఊపిరి పోసుకుని, 1948లో చట్టమై, 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచి, 2019లో కార్మికుడి వాటాను 0.75 శాతానికి తగ్గించి, ఈ పథకం అప్రతిహతంగా సాగింది. అయితే, చట్టాన్ని కార్మికుడి చెవిన వేసినవారికే మా తొలి వందనం.

1934లో వెలసి, వరంగల్‌ను కార్మిక నగరంగా నిలబెట్టిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. పత్తి పని మాత్రం జిన్నింగ్ మిల్లుల్లో సాగుతూనే ఉంది. అక్కడ ఆదివారం సెలవు తరవాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ బిగుసుకుపోవడం, దగ్గు, ఆయాసం. దుమ్ము పడలేదనుకుని సరిపెట్టుకున్న కూలీలెందరో! అది పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ అనీ, చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి అనీ, డాక్టరుకు రోగంతో పాటు చేసే పని కూడా చెప్పాలనీ ఓపికగా వివరించిన యూనియన్ కార్యకర్తలు, ఆరోగ్య సిబ్బంది ధన్యులు.

జీతం చీటీ చదవడం నేర్పిందీ వీరే. పదిహేను వేల జీతంలో ఈఎస్ఐకి కోసేది 113 రూపాయలు; యజమాని కట్టేది 488. ఆ కోత ఊరికే పోయే సొమ్ము కాదు. తగినన్ని రోజుల చందా ఉంటే, జబ్బుచేసినప్పుడు ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం వేతనం చేతికొస్తుంది. ఆ భత్యం అందుకునే రోజుల్లో పనిలోంచి తీసేస్తే చెల్లదు. ఈ ఒక్క మాట తెలిసినందుకే జ్వరంతో మిషను ముందు నిలబడకుండా ఆసుపత్రికి వెళ్లగలిగిన కార్మికుడికి ఇంతకన్నా పండుగ ఏముంటుంది?

2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు ఇప్పుడు చుట్టుపక్కల పల్లెల ఆడబిడ్డలు కుట్టుపనికి బయలుదేరుతున్నారు. వారి దాకా ఈ జ్ఞానం చేరాలి, చేరుతుంది. డిస్పెన్సరీలో మందులకు కొరత లేకుండా, వైద్యులకు లోటు లేకుండా ఈఎస్ఐ వ్యవస్థ దినదినాభివృద్ధి చెందాలని, నూరేళ్ల పండుగ కూడా మన కార్మికవాడల్లోనే జరగాలని మనసారా ఆకాంక్షిస్తున్నాం.

మిల్లులో, ఫ్యాక్టరీలో పనిచేసే అక్కలారా, అన్నలారా! ఈ నెల జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉందో లేదో చూసుకోండి. పక్కనున్న వారి చీటీ కూడా చదివి చెప్పండి.