మనవూరి నడక మనిషి

1986 ఫిబ్రవరి 17న జిడ్డు కృష్ణమూర్తి గారు అమెరికాలోని ఓహాయ్‌లో కన్నుమూసినప్పుడు నేను మన బడిలో పదో తరగతి. పుంగనూరు నుంచి బస్సులో వచ్చి చదువుకునేవాణ్ణి. ఆయన మన మదనపల్లెలో పుట్టారని తెలుసు, అంతే. యాభై దాటి, షుగరు వచ్చి, డాక్టరు రోజూ నడవమన్నాక ఆయన జీవితచరిత్ర పట్టుకున్నాను. తత్త్వం కోసం కాదు, తొంభై ఏళ్ళు ఆ శరీరాన్ని ఎలా కాపాడుకున్నారో చూద్దామని.

పుట్టుకతో అది గట్టి శరీరమేమీ కాదు. 1895 మే నెలలో, సంజీవమ్మ గారికి ఎనిమిదో సంతానంగా పుట్టారు. తండ్రి నారాయణయ్య గారు రెవెన్యూ ఉద్యోగి. కడపకు బదిలీ అయ్యాక పసివాడికి మలేరియా పట్టుకుంది. ఏళ్ళ తరబడి జ్వరాలు, ముక్కు నుంచి రక్తం, బడికి నాగాలు. పదేళ్ళకే తల్లి పోయింది. 1909లో తండ్రి వెంట మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరేనాటికి బక్కచిక్కిన కుర్రాడు. అక్కడ లెడ్‌బీటర్ దొర టైంటేబుల్ వేశారు: తెల్లవారుజామున లేవడం, స్నానం, సైకిలు, ఈత, టెన్నిస్, పాలు. రాబోయే జగద్గురువుకు దృఢమైన దేహం ఉండాలన్నది వాళ్ళ లక్ష్యం. కుర్రాడు తేరుకున్నాడు గానీ ఆ లక్ష్యం అతనిది కాదు. ఇంగ్లండులో చదువుకూ అలాగే గురి పెట్టారు, లండన్ మెట్రిక్యులేషన్ పదేపదే తప్పారు. చివరికి 1929 ఆగస్టు 3న, హాలెండులోని ఓమ్మెన్‌లో, తన కోసం పెట్టిన నక్షత్ర సంఘాన్ని తానే రద్దు చేశారు.

సంఘం పోయింది, వ్యాయామం మాత్రం పోలేదు. నాకు వింతగా తోచిందిదే. నడివయసు దాటాక బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర, ఆ తర్వాత దేశికాచార్ దగ్గర విద్యార్థిలా కూర్చుని యోగాసనాలు నేర్చుకున్నారు. దాన్ని మోక్షానికి మెట్టుగా చూడలేదు, ఒంటిని బాగా ఉంచుకోవడం అనుకున్నారు. సాయంత్రం నడక సరేసరి. మన రిషివ్యాలీకి వచ్చినా, ఏ దేశంలో ఉన్నా.

ఇక్కడ ఆయనతో నాకు పేచీ. గురి పెట్టుకుని బతకడం ఆయనకు గిట్టదు. నేను ఇంజనీర్ని, అంకె లేకపోతే కాలు కదలదు. చేతికి వాచీ కట్టి రోజుకు పదివేల అడుగులన్నాను. మూడో వారానికి వాచీ డ్రాయర్లో పడింది. ఆ అంకె నాది కాదు మరి, వాచీ కంపెనీది. తర్వాత కుప్పం బ్రాంచి కాలువ పనుల్లో ఉండగా కొత్త లెక్క పెట్టుకున్నాను: పొద్దున ఆరులోపు గట్టు మీద ఒక కిలోమీటరు రాయి వరకు పోయి రావడం. నెలకోసారి ఇంకో రాయి. ఇప్పుడు నాలుగో రాయి దగ్గరున్నాను. మోకాలు నొప్పైన రోజు రెండో రాయి దగ్గరే వెనక్కి తిరుగుతాను, ఆ రోజుకూ టిక్కు పెడతాను. మన లెక్కల మాస్టారైతే ఒప్పుకోరు.

1986 జనవరి 10. అప్పటికే జబ్బు లోపల తినేస్తోంది. ఆ రాత్రే అమెరికా విమానం. సాయంత్రం కృష్ణమూర్తి గారు అడయారు సముద్రపుటొడ్డుకు వెళ్ళి, ఎప్పటిలాగే నడిచారు.