మెట్టు తవ్వింది ఆయన, ఎక్కింది ఆమె

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అనగానే అందరికీ ధ్రువ యాత్రలు, 1922లో వచ్చిన నోబెల్ శాంతి బహుమతి గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందు ఆయన భార్య ఈవా గుర్తొస్తుంది. ఎందుకంటారా? చెబుతాను.

ఈవా సార్స్ 1858లో నార్వే రాజధాని క్రిస్టియానియాలో పుట్టింది. ఇప్పుడు ఆ ఊరి పేరు ఓస్లో. తండ్రి పేరున్న జంతుశాస్త్రవేత్త. ఈవా బెర్లిన్ వెళ్ళి సంగీతం నేర్చుకుని మంచి గాయనిగా పేరు తెచ్చుకుంది. ఆమెకు ఇంకో పిచ్చి కూడా ఉండేది. అదే స్కీయింగ్. స్కీలంటే తెలుసుగా, మంచు మీద జారుతూ పోవడానికి కాళ్ళకు కట్టుకునే పొడవాటి చెక్కబద్దలు. ఆ రోజుల్లో వాటిని కట్టుకునే ఆడవాళ్ళు అరుదు. ఈవా మాత్రం కాళ్ళకు అడ్డం పడని పొట్టి స్కర్టు వేసుకుని ఊరి పక్క అడవి దారుల్లో హాయిగా తిరిగేది. నాన్సెన్ ఆమెను మొదట చూసిందీ ఆ మంచులోనేనట. 1889 సెప్టెంబరులో పెళ్ళయింది.

ఆయన అంతకు ముందు ఏడాదే గ్రీన్‌లాండ్‌ను స్కీల మీద దాటి వచ్చినవాడు. ఈవాకు తెలిసినవేమో నలుగురూ నడిచిన దారులు. దారే లేని కొండ మీదికి ఇద్దరూ కలిసి వెళ్ళింది 1890 డిసెంబరు 31న. కొండ పేరు నూరెఫ్యెల్. ఎత్తు దాదాపు 1,460 మీటర్లు.

నిజం చెప్పాలంటే వాళ్ళు బయల్దేరడమే ఆలస్యం. నార్వేలో చలికాలం పగలు చాలా చిన్నది. మంచు లోతు, ఏటవాలు ఎక్కువ. స్కీలు విప్పి మోసుకెళ్ళాల్సి వచ్చింది. చివర్లో గడ్డకట్టిన మంచులో నాన్సెన్ చేతికర్రతో మెట్లు తవ్వుతూ ముందు నడిచాడు. ఈవా వెనకాలే ఎక్కింది. శిఖరం చేరేసరికి చీకటి పడింది. అక్కడే కూర్చుని జున్ను, ఎండు మాంసం తిన్నారు. దిగేటప్పుడు స్కీల మీద నిలబడలేనంత ఏటవాలు వస్తే, మంచు మీద చతికిలబడి జారారు! ఎలాగైతేనేం, రాత్రికి ఎగ్గెడాల్ అనే పల్లె చేరారు. వచ్చినామె ఆయన భార్యేనని తెలిసి అక్కడివాళ్ళు నోరెళ్ళబెట్టారు. పెళ్ళాన్ని ఇలాంటి రాత్రి కొండ దాటిస్తావా అని ఆయన్నే తప్పుపట్టారు.

కానీ ఆయన ఆమెను ఎత్తుకుని దాటించలేదు కదా! ఆయన మెట్లు తవ్వాడు, నిజమే. వాటి మీద కాలు మోపి ఎక్కింది ఆమే. నేర్పే మొగుడికీ మోసే మొగుడికీ తేడా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

అలాగని అన్ని దారుల్లోనూ ఆమెకు చోటు దొరకలేదు. ఉత్తర ధ్రువానికి వెళ్ళే ఓడకు 1892లో ఫ్రామ్ అని పేరు పెట్టింది ఈవాయే. ఆ మాటకు ముందుకు అని అర్థం. 1893 జూన్‌లో ఆ ఓడ ఆయన్ని తీసుకెళ్ళిపోయింది. ఈవా ఒడిలో ఆరు నెలలైనా నిండని పాప. ఆయన తిరిగొచ్చింది 1896లో. ఆ మూడేళ్ళూ ఈవా మూల కూర్చుని ఏడవలేదు. కచేరీలు చేసింది. ఓడ వెళ్ళిన ఆ 1893లోనే ఆడవాళ్ళు స్కీయింగ్ చేయడాన్ని సమర్థిస్తూ ఆమె రాసిన వ్యాసం పత్రికలో వచ్చింది.

1907 డిసెంబరు 9న న్యుమోనియాతో ఈవా కన్నుమూసింది. అప్పటికి 49 ఏళ్ళు నిండి రెండు రోజులే. అయిదుగురు పిల్లల తల్లి. లండన్‌లో నార్వే రాయబారిగా ఉన్న నాన్సెన్ ఆఖరి చూపుకు అందలేకపోయాడు.

చలికాలపు ఒలింపిక్స్‌లో మగవాళ్ళ దూరపు స్కీ పందేలు 1924లోనే మొదలయ్యాయి. ఆడవాళ్ళకు 1952 దాకా చోటివ్వలేదు. చివరికి ఇచ్చింది ఎక్కడో తెలుసా? ఈవా పుట్టిన ఓస్లోలోనే.

మీ ఆయన స్కూటరు నేర్పిస్తానంటే సంతోషంగా నేర్చుకోండి. హ్యాండిల్ మాత్రం మీ చేతిలోనే ఉండాలి సుమా!