గణపతిదేవ చక్రవర్తి

యుద్ధములు గెలిచిన రాజులు మన దేశమున పెక్కురు కలరు. కాని తన ఏలుబడికి లోబడనివారికి, తాను ఎన్నడును చూడని దూరదేశముల వర్తకులకు తనంత తానుగా మాట యిచ్చి, ఆ మాటను రాతిపై చెక్కించిన రాజులు అరుదు. కాకతీయ గణపతిదేవుడు అట్టివాడు.

ఆయన తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన పోరాటమున మరణించెను. గణపతి శత్రువుల చేతికి చిక్కి బందీ అయ్యెను. రాజు లేని రాజ్యమున సామంతులు తలలెత్తిరి. ఆ కష్టకాలమున సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యమును నిలువబెట్టెను. పాలంపేటలో 1213వ సంవత్సరమున రామప్పగుడిని కట్టించినవాడు ఈ రుద్రుడే. కొంతకాలమునకు యాదవరాజు గణపతిని విడిచిపెట్టగా, ఆయన 1199లో సింహాసన మెక్కి అరువదేండ్లకు పైగా రాజ్యమేలెను.

ఓరుగల్లు సముద్రమునకు దూరము. గణపతిదేవుని చూపు మొదటినుండియు తీరము మీదనే యుండెను. వెలనాటి పృథ్వీశ్వరుని జయించి, కృష్ణానది సముద్రమున కలియుచోట నున్న దివిసీమను వశపరచుకొనెను. అచటి ప్రభువైన పినచోడితో పగ సాగింపక, ఆయన కుమార్తెలగు నారాంబ, పేరాంబలను పెండ్లాడెను. వారి సోదరుడు జాయపను గజసేనకు నాయకునిగా నియమించెను. నృత్తరత్నావళి యను నాట్యగ్రంథమును రచించినవాడు ఈ జాయపయే. కత్తితో గెలిచిన దానిని చుట్టరికముతో నిలుపుకొనుట గణపతిదేవునికి తెలిసిన విద్య.

ఈ విధముగా కాకతీయుల కింద చేరిన రేవులలో మోటుపల్లి ముఖ్యమైనది. అది నేటి బాపట్ల జిల్లాలో నున్నది. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, పట్టునూలు, పగడములు, రాగి, సీసము, మిరియములు, పోకలు ఆ రేవున చేతులు మారుచుండెను. కాని వర్తకునికి సముద్రమున తుపాను భయము, ఒడ్డున రాజు భయము! గాలివానకు ఓడ దారితప్పి పగిలి తీరమునకు కొట్టుకొనివచ్చినచో, అందలి ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు, సమస్తమును ఆ తీరపు రాజులు బలవంతముగ లాగుకొనుచుండిరి. సరుకు పోగొట్టుకొన్న వర్తకుడు ఎవరితో మొరపెట్టుకొనగలడు? తన రాజు ఎక్కడనో సముద్రమున కావల నుండెను. నడిసముద్రమునకు రాజే లేడు. రాజులందరిపైని తీర్పు చెప్పగల ప్రభువు ఆనాడు లేడు.

1244వ సంవత్సరమున గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. పూర్వరాజులు చేసిన అపహరణమును అందు దాపరికము లేక చెప్పెను. ధనము ప్రాణముకన్న మిన్న యని యెంచి, సముద్రయానమునకు సాహసించిన వర్తకులనుండి నిర్ణయించిన సుంకము తప్ప మరేమియు తీసికొననని ప్రకటించెను. ఎగుమతులకు, దిగుమతులకు సుంకము 30 పాళ్లలో ఒక పాలు. కొన్ని సరుకులకు ఎంతెంత చెల్లింపవలెనో విడివిడిగ చెక్కించెను. ఇందువలన అధికారి తన యిష్టము వచ్చినంత అడుగుటకు వీలులేకపోయెను.

కీర్తి, పుణ్యము, దయ కారణములని శాసనము చెప్పుచున్నది. దానికి తోడు లాభము నెరిగిన బుద్ధియు కలదని మనము తలపవచ్చును. పగిలిన ఓడ ఒక్కసారియే దొరకును. క్షేమముగ వచ్చిన ఓడ మరల మరల వచ్చి సుంకము చెల్లించును. చేతికందిన సొత్తును విడిచిపెట్టుట మాత్రము ఏ రాజునకును సులభము కాదు.

ఇంగ్లండులో 1275లో చేసిన చట్టము ప్రకారము, చెడిన ఓడనుండి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణముతో బయటపడినచో ఆ సరుకు దిక్కులేని సొత్తు కానేరదు. ఒకరినొకరు ఎరుగని రెండు దేశములు ముప్పదియేండ్ల యెడముతో ఒకే చిక్కును విప్పజూచుట వింతయే కదా!

గణపతిదేవుడు ఓరుగల్లు రాతికోటను బలపరచెను. ఆయన కాలముననే పాఖాల, రామప్ప చెరువులు వెలసెను. చివరి యేండ్లలో ముత్తుకూరు వద్ద పాండ్యుల చేతిలో ఓటమి కలిగెను. 1262 ప్రాంతమున కుమార్తె రుద్రమదేవికి రాజ్యభారము సంక్రమించెను. ఆ శతాబ్దము చివర వెనీసు యాత్రికుడు మార్కోపోలో ముత్ఫిలి యను రాజ్యమును, అందలి వజ్రములను, సన్నని వస్త్రములను వర్ణించెను. అది మోటుపల్లియే యని పండితుల అభిప్రాయము.

అయినను రాజు మాట రాజ్యముతోడిదే. 1323లో కాకతీయ రాజ్యము కూలెను. ఆ మాటను మరల ఎవరైన ఇచ్చిన గాని వర్తకులకు ధైర్యము లేదు. నేటికిని ప్రపంచమంతటికి ఒకే ప్రభుత్వము లేదు. 1995లో ఏర్పడి జెనీవా నగరమున నున్న ప్రపంచ వాణిజ్య సంస్థ కూడ, సభ్యదేశములు తమలో తాము ఒప్పుకొన్న నియమముల మీదనే నడచుచున్నది. మోటుపల్లి విషయమున ఆ పని రెడ్డిరాజైన అనవోతారెడ్డి చేసెను. 1358లో ఆయన అదే రేవున మరల ఒక అభయశాసనము వేయించి, విదేశీ వర్తకులను రమ్మని పిలిచెను.