ఖనిజ సిరల గుట్టు వెదికిన వెర్నర్

పులివెందుల ప్రాంతంలో రాతి పగుళ్ల మధ్య ముగ్గురాయి తెల్లని చారలుగా కనిపించడం మన జిల్లావాసులకు కొత్త కాదు. (మంగంపేట ముగ్గురాయి పొరలుగా పరచుకొన్నది, దాని కథ వేరు.) ఆ పగుల్లోకి ఖనిజం ఎలా చేరింది? పైనుంచి దిగిందా, అడుగునుంచి ఎగదన్నిందా? ఈ ప్రశ్నను తరగతి గదిలోకి తెచ్చి, పద్ధతిగా పాఠం చెప్పిన తొలితరం ఆచార్యులలో ప్రముఖుడు జర్మనీకి చెందిన అబ్రహాం గాట్లోబ్ వెర్నర్. ఆయన ఇచ్చిన జవాబులో సగం తప్పని తర్వాత తేలింది. అయినా భూగర్భశాస్త్రం చదివే విద్యార్థి నేటికీ ఆయన పేరు తెలుసుకోక తప్పదు.

వెర్నర్ 1749 సెప్టెంబరు 25న వెహ్రౌ అనే ఊళ్లో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పోలెండ్‌లో ఉన్నది. తండ్రి ఇనుము కరిగించే కార్ఖానాలో అధికారి. రాళ్లతో ఆడుకొంటూ పెరిగిన పిల్లవాడు చదువు మధ్యలో తండ్రికి సాయంగా కార్ఖానాలో పనిచేశారు. 1769లో ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో చేరారు. శాక్సనీ రాజ్యంలోని ఆ పట్టణంలో అప్పటికి ఆరు వందల ఏళ్లుగా వెండి తవ్వుతున్నారు. విద్యాలయం వయస్సు మాత్రం నాలుగేళ్లే. ఆ తర్వాత లీప్జిగ్ వెళ్లి న్యాయశాస్త్రంలో చేరారుగాని మనసంతా రాళ్ల మీదే. పట్టా పుచ్చుకోకుండానే, 1774లో ఖనిజాలను రంగు, మెరుపు, గట్టిదనం వంటి పైలక్షణాలను బట్టి గుర్తుపట్టే విధానంపై చిన్న పుస్తకం వెలువరించారు. దాని బలంతోనే మరుసటి ఏడు, పాతికేళ్ల వయస్సులోనే, ఫ్రైబెర్గ్‌లో అధ్యాపక పదవి లభించింది. నలభై రెండేళ్లపాటు, కన్నుమూసేదాకా ఆ ఉద్యోగం వదలలేదు.

ఆయన పాఠం వినడానికి యూరప్ నలుమూలల నుంచి విద్యార్థులు వచ్చేవారు. దేశాలు చుట్టివచ్చిన హంబోల్ట్, కవి నోవాలిస్, ఖనిజాల కాఠిన్యానికి కొలత ఏర్పరచిన మోస్ ఆయన శిష్యులే. పొద్దున గనిలోకి దిగడం, మధ్యాహ్నం తరగతిలో కూర్చోవడం హంబోల్ట్ దినచర్య. అక్కడి చదువు తీరు అది. గురువుగారికి మాట ఎంత సులువో రాత అంత బరువు. వచ్చిన ఉత్తరాలు విప్పకుండానే పక్కన పడేసేవారని ప్రసిద్ధి. పెండ్లి చేసుకోలేదు. ఆరోగ్యం అంతంతమాత్రం.

అంత బద్ధకంలోనూ 1791లో ఖనిజ సిరల పుట్టుకపై ఒక గ్రంథం రాశారు. ఒకప్పుడు భూగోళమంతటినీ సముద్రం కప్పి ఉండేదనీ, రాళ్లు అందులో పేరుకొని ఏర్పడ్డాయనీ, అవి ఎండి కుంగినప్పుడు బీటలు వారాయనీ, ఖనిజాలు కరిగిన నీరు పైనుంచి ఆ బీటల్లోకి దిగి గడ్డకట్టిందనీ ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం సంగతి ఎలా ఉన్నా, గనిలో ఆయన చూసిన చూపు అమోఘం. ఒక సిర మరొక సిరను కోసుకుపోతే, కోసినది తర్వాత పుట్టినదే. సిరలో గోడకు అంటుకొన్న పొర పాతది, నడిమి పొర కొత్తది. ఇలా వెండి సిరలకూ సీసపు సిరలకూ వయస్సులో ముందువెనుకలు నిర్ణయించవచ్చునని ఆయన చూపారు. విద్యార్థులు ఇప్పటికీ పాటించే సూత్రాలివి.

ఎడింబరోకు చెందిన హట్టన్ ఇందుకు పూర్తి విరుద్ధం. భూమి లోపలి వేడికి కరిగిన పదార్థమే అడుగునుంచి సిరల్లోకి చొచ్చుకువచ్చిందని ఆయన వాదం. రెండు పక్షాల మధ్య దశాబ్దాల తరబడి రగడ నడిచింది. నల్లని బసాల్ట్ రాయి సైతం నీటిలోనే పుట్టిందని వెర్నర్ పట్టుబట్టారు. చివరికి ప్రియశిష్యుడు ఫాన్ బుక్ 1802లో ఫ్రాన్సులోని ఆవెర్న్ అగ్నిపర్వతాలను కళ్లారా చూశాక, అక్కడి బసాల్ట్ విషయంలో గురువు మాట నిలవదని గ్రహించారు. గనిలోకి దిగి స్వయంగా చూడమని నేర్పింది ఆ గురువే.

వెర్నర్ 1817 జూన్ 30న డ్రెస్డెన్‌లో మరణించారు. ఫ్రైబెర్గ్ ప్రధాన చర్చి ఆవరణలో సమాధి చేశారు. ఆయన ఖనిజ సేకరణ 1814లోనే విద్యాలయానికి దక్కింది.

అదే విద్యాలయంలో 1882లో పట్టభద్రుడైన స్వీడన్‌వాసి లిండ్‌గ్రెన్, తర్వాత అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో ఆచార్యుడై, 1913లో ఖనిజ నిక్షేపాలపై ప్రామాణిక గ్రంథం వెలువరించారు. ఎన్నో లోహ సిరలు అడుగునుంచి ఎగసిన వేడినీటి ద్రావణాల వల్ల ఏర్పడ్డాయని ఆయన వివరించారు. అంటే నీరన్నది వెర్నర్ మాట, వేడి, అడుగునుంచి అన్నవి హట్టన్ మాట. 1979లో పసిఫిక్ సముద్రం అడుగున సుమారు 350 డిగ్రీల వేడినీరు నల్లని పొగలా చిమ్ముతూ, రాగి, జింకు, ఇనుము గంధకంతో కలిసిన ఖనిజాలను అక్కడికక్కడే పేర్చడం శాస్త్రజ్ఞులు చూశారు. ఆ నీరు మొదట పైనున్న సముద్రం నుంచే పగుళ్లలోకి దిగి, లోపల కాగి, తిరిగి పైకి వస్తున్నది.