చెదిరిన జనానికి అక్షరమే గూడు

చెన్నై జార్జిటౌన్‌లోని ఆర్మేనియన్ చర్చి 1772లో కట్టినది. దాని ఆవరణలో ఒక దైవసేవకుని సమాధి ఉంది. ఆయన పేరు హరుత్యూన్ ష్మావోన్యన్. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రికను అచ్చువేసింది ఆయనే.

ఆర్మేనియా 4వ శతాబ్దం తొలినాళ్లలోనే క్రీస్తును అంగీకరించిన రాజ్యం. 5వ శతాబ్దంలో మెస్రోప్ మాష్టోట్స్ ఆ భాషకు లిపిని కూర్చగా బైబిలు అనువాదమైంది. 1604-05లో పర్షియా రాజు షా అబ్బాస్ ఆర్మేనియన్లను వేల సంఖ్యలో తన దేశానికి బలవంతంగా తరలించాడు. బబులోను చెరకు పోయిన యూదుల్లా వారు ఉన్న ఊరు విడిచారు గానీ విశ్వాసాన్ని, భాషను విడవలేదు. వారి సంతతి వర్తకం కోసం మద్రాసు దాకా వచ్చింది.

ష్మావోన్యన్ 1750లో పర్షియాలోని షీరాజులో పుట్టాడు. ఒకే వారంలో ఇద్దరు కొడుకులను పోగొట్టుకున్నాడు. గుండె పగిలిన ఆ తండ్రి లోకానికి దూరంగా కొన్నేళ్లు గడిపాడు. కానీ అక్కడే ఆగిపోలేదు. 1784లో మద్రాసు వచ్చి సంఘ సేవ చేపట్టాడు. 1789లో ముద్రణాలయం పెట్టాడు. 1794లో 'అజ్దరార్' మాసపత్రిక తెచ్చాడు. సమాచారం తెలిపేది అని ఆ మాటకు అర్థం. ఓడల రాకపోకలు, వ్యాపార వార్తలు, దూరదేశాల్లోని తమవారి కబుర్లు అందులో ఉండేవి. 18 సంచికలతో 1796లో అది ఆగిపోయింది. ఆయన 1824లో కన్నుమూశాడు.

పత్రిక ఆగినా అక్షరం చావలేదు. వెనిస్ దగ్గరి సాన్ లాజరో దీవిలో, వియన్నాలో మెఖితారిస్టు సన్యాసులు, ఇంకా ఎన్నో దేశాల్లో ఆర్మేనియన్ సంఘాలు గ్రంథాలయాలు పెట్టి తమ పుస్తకాలను, పత్రికలను కాపాడుకున్నాయి. 20వ శతాబ్దంలో లిస్బన్‌లోని గుల్బెంకియన్ సంస్థ 'అజ్దరార్'ను ఉన్నదున్నట్టుగా మళ్లీ అచ్చువేయించింది.

సిరిసిల్ల నేతన్నలు భీవండికి, జగిత్యాల, నిర్మల్ యువకులు గల్ఫ్‌కు వలస వెళ్లిన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు ఈ జీవితం కొత్త కాదు. పాత కీర్తనల పుస్తకాలు, బాప్తిస్మపు రిజిస్టర్లు, తాతలు రాసుకున్న నోటుబుక్కులు చెదపురుగుల పాలైతే రేపటి పిల్లలు తమ మూలాలను ఎక్కడ వెతుక్కుంటారు? మందిరంలో ఒక్క బీరువా, దానికి బాధ్యత వహించే ఒక్క మనిషి ఉన్నా చాలు. కన్నబిడ్డలను దక్కించుకోలేకపోయిన తండ్రి, ఊరుగాని ఊరిలో తన జనం మాటను దక్కించాడు. మనకు అప్పగించినదాన్ని కాపాడుకోవడమూ దేవుని సేవే.