ప్రాణశక్తిని అన్వేషించిన యల్లాప్రగడ సుబ్బారావు

సంగారెడ్డి జిల్లాలోని బొల్లారము, పటాన్‌చెరు ప్రాంతములలో మందుల కర్మాగారములు అనేకము కలవు. వాని నీడను చదువుకొను బాలబాలికలు తప్పక తెలిసికొనవలసిన తెలుగువాని చరిత్ర యొకటి యున్నది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. అది కలిమి లేని కుటుంబము. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమార్లు తప్పి, మూడవమారు కృతార్థులైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించుటచే శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియైరి. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, అంతకంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. సంగ్రహణి వ్యాధి సోదరుని బలిగొనగా, ఔషధ పరిశోధనమే జీవితధ్యేయముగా నెంచుకొని, మామగారి ధనసహాయముతో అమెరికా చేరిరి. బోస్టను నగరమున ఆసుపత్రిలో రాత్రివేళ సేవకవృత్తి చేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిరి.

అచ్చట ఆచార్య సైరస్ ఫిస్కేతో కలసి, శరీరద్రవములలోని భాస్వరమును నీలవర్ణపు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరసారమును ఇట్లు పరీక్షించునప్పుడు రంగు త్వరగా తేలక ఆలస్యమగుచుండెను. ఇతరులైనచో దీనిని కొలతలోని దోషమని విడిచిపెట్టెడివారే. వీరు కారణమును వెదకి, 1927లో ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థమును కనుగొనిరి. 1929లో ఏ.టీ.పీ.ని వేరుపరచిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొనెను. జీవకణము తన పనులకు వెచ్చించు శక్తినాణెము ఏ.టీ.పీ.; అది ఖర్చయినప్పుడు తిరిగి నింపు నిల్వధనము ఫాస్ఫోక్రియేటిన్.

ఇంతటి కృషి చేసినను హార్వర్డున శాశ్వతోద్యోగము దొరకలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థకు వెడలి, అచ్చట పరిశోధనలకు నాయకత్వము వహించిరి. వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది సంగ్రహణికి, ఒక జాతి పాండురోగమునకు ఔషధమయ్యెను. అచ్చటనే పుట్టిన అమినోప్టెరిన్ అను మందుతో, శిశువుల రక్తపు కాన్సరును తాత్కాలికముగానైనను తగ్గింపవచ్చునని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో నిరూపించెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే, 53 ఏండ్ల వయస్సున సుబ్బారావుగారు గతించిరి.

తరువాత 13 ఏండ్లకు, 1961లో, అమెరికాలో నైరెన్‌బర్గ్, మత్తై అను శాస్త్రజ్ఞులు ఇ. కోలి బాక్టీరియాను నూరి, పెంకులను తొలగించి, రసమును మాత్రము గ్రహించిరి. అందులో ప్రాణముగల కణ మొక్కటియు పనిచేయుట లేదు. అయినను, తాము తయారుచేసిన ఆర్.ఎన్.ఏ.ను కలుపగా, ఆ రసములోని రైబోసోములు అమైనో ఆమ్లములను గ్రుచ్చి మాంసకృత్తు గొలుసును అల్లెను. జన్యులిపిలోని మొదటి మాట అట్లు తెలియవచ్చెను. మన హరగోవింద ఖొరానాగారును ఇట్టి రసములతోనే ఆ లిపిని చదివి, 1968లో నైరెన్‌బర్గ్, హాలీలతో నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

గొలుసున ఒక్కొక్క అమైనో ఆమ్లమును చేర్చుటకు సుమారు నాలుగు ఫాస్ఫేటు బంధముల శక్తి వ్యయమగును. సజీవకణము ఆహారమునుండి ఆ శక్తిని సంపాదించుకొనును. కణము పగిలిన రసమునకు మనమే అందింపవలెను. అందుచే అందు ఏ.టీ.పీ.ని కలుపుదురు. అది త్వరలోనే తరిగిపోవును గనుక, మరల పుట్టించుటకు నేడు పెక్కు ప్రయోగశాలలలో ఫాస్ఫోక్రియేటిన్‌ను చేర్చుచున్నారు. కణము లేకయే మాంసకృత్తును నిర్మించు ఆ పరీక్షనాళికలో, హార్వర్డు ఆదరింపని తెలుగువాని రెండు కానుకలును ఇట్లు కలసి పనిచేయుచున్నవి.

నోబెల్ బహుమానము వారికి రాలేదు. పేరుకొఱకు ప్రాకులాడు స్వభావమును కాదు. 1995లో భారత తపాలాశాఖ వారి స్మారకముగా బిళ్ల వెలువరించెను. పరీక్ష తప్పి క్రుంగిన విద్యార్థి తరగతిలో కనబడినప్పుడు, ఉపాధ్యాయులు భీమవరపు బాలుని కథ చెప్పుదురుగాక. మందుల కర్మాగారముల నడుమ పెరుగు బొల్లారపు బిడ్డలకు అది మరింత చేరువగా తోచును.