ఆశ విడువని గిడుగు రామమూర్తి పంతులుగారు

విశాఖపట్టణమనగా ముఖ్యముగా నేటి వన్ టౌనే యైయుండిన దినములలో, 1875వ సంవత్సరమున, తండ్రిని గోల్పోయిన 12 ఏండ్ల బాలుడొకడు అచ్చటి మేనమామగారి యింట నుండి చదువుకొనుచుండెను. శ్రీకాకుళమునకు సమీపమందలి పర్వతాలపేటలో 1863 ఆగష్టు 29వ తేదీన జనించిన గిడుగు వేంకట రామమూర్తియే యా బాలుడు. 1879లో మెట్రిక్యులేషనులో తేరి, మరుసటియేట పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతముపై నుపాధ్యాయులై, ఉద్యోగము చేయుచునే చదివి, 1896లో బి.ఏ. పట్టము పొందిరి.

పర్లాకిమిడి చుట్టునుగల కొండలలోని సవరలను తోడి మనుష్యులుగా నెంచువారు నాడు మిక్కిలి యరుదు. పంతులుగారు తెలుగు వచ్చిన సవర నొకని నింట నుంచుకొని వారి భాషను నేర్చిరి. స్వంతద్రవ్యముతో బడులు పెట్టి యా పిల్లలకు వారి మాటలతోనే చదువు చెప్పించిరి. కొండలలో దిరుగుటచే మలేరియా సోకెను. అందులకై సేవించిన క్వయినా ఆయన వినికిడిని హరించెను. జనుల నోటిమాటయే సర్వస్వముగా నెంచిన పండితునకు ఇంతకన్న కఠినమైన శిక్ష మాకు తోచదు. అయినను పని యాగలేదు. 1911లో ఆయన సవర పుస్తకములను ప్రచురించిన చెన్నపురి దొరతనమువారు ప్రతిఫల మీయబోగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి.

బిడ్డలు తాము మాటలాడు తెలుగును వ్రాయగూడదనుట ఆయనకు సహింపరాని యన్యాయముగా దోచెను. 1912-13లో స్కూలు ఫైనలు వ్యాసమును ఏ శైలినైనను వ్రాయవచ్చునని యుత్తరువు వచ్చెను. పండితులు సభలు చేసి, అర్జీలు పంపి, కొలదికాలములోనే దానిని త్రోసివేయించిరి. తోడుగా నిలిచి పోరాడిన గురజాడ అప్పారావుగారు 1915 నవంబరు 30వ తేదీన గతించిరి. మరియొకరైన తలుపు మూసికొని కూర్చుండెడివారే. పంతులుగారో, ప్రతి యోటమిని తన వాదములోని కొరతగా నెంచి, మరికొన్ని నిదర్శనములు కూర్చుకొనుటకు బూనుకొనెడివారు. గ్రాంథికవాదులు తమ గ్రాంథికమునే తిన్నగా వ్రాయలేకున్నారని వారి పుస్తకములనుండియే చూపిరి. ఆయన యీ పుటలను జూచినచో నెన్ని తప్పులు పట్టెడివారోయని మాకును కొంచెము జంకు గలుగుచున్నది.

1919 ఫిబ్రవరి 28వ తేదీన రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము వెలసెను. గ్రాంథికముననే పేరుగాంచిన వీరేశలింగము పంతులుగారు దాని యధ్యక్షులగుట సామాన్యమైన బలము కాదు. మూడు నెలలు నిండకమునుపే, మే 27వ తేదీన, ఆయనయు స్వర్గస్థులైరి. రామమూర్తి పంతులుగారు స్థాపించిన 'తెలుగు' మాసపత్రిక యొక యేడాది మాత్రమే నడచెను. తుదకు 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికముపై తన నిషేధమును తొలగించెను.

1936 ఏప్రిల్ 1వ తేదీన పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున జేరెను. దాని నడ్డగింప జేసిన ప్రయత్నములు వ్యర్థముకాగా, 72 ఏండ్ల ప్రాయమున పంతులుగారు జీవితమంతయు గడపిన యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1938లో ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. 1940 జనవరి 15వ తేదీన చెన్నపురిలోని ప్రజామిత్ర కార్యాలయమున పత్రికలవారిని జేర్చుకొని, జనుల భాషలోనే వ్రాయుడని మరల నర్థించిరి. అదే నెల 22వ తేదీన అచ్చటనే కన్నుమూసిరి.